తలుపు కొట్టని మునీమ్

కూలర్ ఆగిపోయింది. ఎవరూ అడక్కుండానే అమ్మ వచ్చి స్విచ్ కట్టేసి వెళ్లింది. మీటింగు పదకొండింటికి, ఇంకా గంట ఉంది, అయినా నిశ్శబ్దాన్ని కూడా బిందెలో నీళ్లలా ముందే పట్టి పెట్టుకోవాలని సౌభాగ్యమ్మ నమ్మకం. రెక్కలు తిరిగి తిరిగి నిలిచిపోయాక గడ్డి పలకల్లోంచి నీటిబొట్లు రాలే చప్పుడు మిగిలింది, కాసేపటికి అదీ పోయింది, ఇక జూన్ నెల ఎండ కిటికీ ఊచల మధ్యనుంచి గదిలోకి వచ్చి కూర్చుంది. జ్యోతిర్మయి చున్నీతో మెడ తుడుచుకుంది. ల్యాప్‌టాప్ తెర మీద ఎడమవైపు మునీమ్, అంటే గుమాస్తా, అని పేరుపెట్టిన ప్రోగ్రాం, కుడివైపు పేరు కూడా సరిగా నోటికి పట్టని ఓ చిన్న సంస్థ తయారుచేసిన ఇంకొకటి. మనసులో దాన్ని ‘రెండోది’ అనే పిలుచుకుంటోంది. రెండింటి పనీ ఒకటే, మీటింగులో నలుగురూ మాట్లాడుకుంటూ ఉంటే విని రాసిపెట్టడం. ఎవరింట్లో వాళ్లు కూర్చుని పనిచేసే ఆఫీసుకి ఇలాంటిదొకటి ఉండాలని మేనేజరు చంద్రమౌళి గారన్నారు, నెలరోజులు రెండూ వాడి చూసి ఏది కొనాలో చెప్పమని జ్యోతిర్మయికి అప్పగించారు, ఆ చెప్పడం ఇవాళే. మునీమ్ వద్దని చెప్పాలి. ఎందుకు వద్దో మాత్రం చెప్పకూడదు.

చెప్పకుండా చెప్పాలి, బీకాం పరీక్షల్లో కూడా ఇలాంటి ప్రశ్న రాలేదు. మునీమ్ మన మాటలన్నీ ఎక్కడో ఉన్న తన కంప్యూటర్లకి పంపుకుంటుంది సార్, రెండోది మన కంప్యూటర్ గడప దాటనివ్వదు. ఇంతవరకూ బాగానే ఉంది, తర్వాత చంద్రమౌళి గారు ఏమంటారు, పోతే ఏమయిందమ్మా అంటారు, మన మాటల్లో దాచుకునేదేముంది, ఈ నెలలో ఏమైనా నష్టం జరిగిందా, ఒక్క ఉదాహరణ చెప్పు అంటారు. ఆయనెప్పుడూ ఒక్క ఉదాహరణ అడుగుతారు. ఆమె దగ్గరున్నది ఒకే ఒక్కటి, అది ఆమెది కాదు. రెండోదానికి నిజంగానే చాలా లోపాలున్నాయి, నెమ్మది, హిందీ తెలుగు కలిపి మాట్లాడితే తికమకపడుతుంది, మీటింగులో ఉన్న ప్రతివాళ్లూ సరేనని నొక్కితేగాని మొదలుపెట్టదు, తోటి ఉద్యోగి మనోజ్ దాన్ని బుడ్ఢా, ముసలాడు, అంటాడు. మునీమ్ అలా కాదు, పిలవకుండానే వస్తుంది, అందరికన్నా ముందొస్తుంది, తెర మీద చిన్న బూడిదరంగు గడిలో కలం బొమ్మ పెట్టుకుని కూర్చుంటుంది, నాలుగు రోజులు పోయాక గోడ మీది బల్లిలాగే అది ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. వాళ్లది ఆసుపత్రుల బీమా కాగితాలు సరిచూసే ఆఫీసు. చేరిన కొత్తలో చంద్రమౌళి గారు మొదట నేర్పిన పని నల్లగీత, కాగితం బయటికి పంపేముందు రోగి పేరు మీద నల్లగీత గీయాలి. దాని కింద ఒక మనిషి ఉన్నాడమ్మా, జాగ్రత్త, అన్నారు. ముక్కూమొహం తెలియని ఎంతమంది జబ్బుల మీదో ఏడాదిగా గీతలు గీస్తోంది. రజిని పేరు మీద గీయడానికి మాత్రం మునీమ్ గీత ఇవ్వడం లేదు.

రజినిని ఆమె ఎప్పుడూ ఎదురుగా చూడలేదు. కరీంనగర్ పిల్ల, హైదరాబాదులో ఉంటుంది, ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకరి పొడుగెంతో ఇంకొకరికి తెలియదు కానీ ఒకరి ఇంట్లో గడియారం ఏ గోడకుందో రెండోవారికి తెలుసు. మొన్న మంగళవారం మీటింగు అయిపోయి అందరి గడులూ ఒక్కొక్కటే ఆరిపోతుంటే రజిని, జర ఆగు జ్యోతీ, నువ్వు పోకు, అంది. ఆగింది. రిపోర్టు వచ్చింది, మంచిగ లేదు, అంది రజిని, రొమ్ములో గడ్డ సంగతి అప్పటిదాకా జ్యోతిర్మయికి తెలియదు, అసలు ఎవరికీ తెలియదు. ఆపరేషన్ తొందరగ చేస్కోవాలంటున్నరు. అమ్మకు ఇంక చెప్పలే. ఆదివారం పోయి ఎదురుంగ కూసోని చెప్తా, గిది ఫోన్ల చెప్పేది కాదు కదా. నీ ఫైళ్లు నేను చూసుకుంటాను, అంది జ్యోతిర్మయి, ఏమనాలో తెలియక పని మాట పట్టుకుంది, ఆ మాట వినగానే రజిని ఏడ్చింది, చెయ్యి చాచితే అందే దూరంలో తెర ఉంది, తెరని ఏం నిమురుతారు ఎవరైనా. ఇద్దరూ మాట్లాడకుండా కూర్చున్నారు. మునీమ్ కూడా వాళ్లతోనే కూర్చుంది. మర్నాడు పొద్దున్న టీ తాగుతూ తెరిచి చూస్తే ఎప్పటిలాగే శుభ్రంగా రాసి పెట్టి ఉంది. ఆరోగ్య విషయం, రజినికి శస్త్రచికిత్స అవసరం. చేయవలసిన పని, తల్లికి తెలియజేయడం, బాధ్యత రజిని, గడువు ఆదివారం. చేయవలసిన పని, రజిని ఫైళ్లు చూడడం, బాధ్యత జ్యోతిర్మయి. ఆ తర్వాత కొంతసేపు చర్చ ఏమీ జరగలేదు.

చర్చ ఏమీ జరగలేదు. ఆ వాక్యం దగ్గరే టీ చల్లారిపోయింది. వెంటనే తీసేసింది, తీసేస్తే చెత్తబుట్టలోకి పోయింది, చెత్తబుట్ట ఖాళీ చేయబోతే అది యజమాని చేయాల్సిన పని అంది మునీమ్. ఆ కంపెనీకి రాసింది. జవాబు మర్యాదగా వచ్చింది: ఇప్పటికి ఇవన్నీ మీకొక్కరికే కనిపిస్తాయి, మీ సంస్థ మా సేవలు కొనుక్కున్న రోజున పాత మీటింగులు, తీసేసినవాటితో సహా, మీ మేనేజరుకి అందుతాయి, కొనకపోతే పరీక్షా గడువు ముగిసిన రాత్రే అన్నీ చెరిగిపోతాయి. గడువు ఇవాళ. ఇవాళ శుక్రవారం. చంద్రమౌళి గారు చెడ్డవారైతే ఇంత భయం లేకపోయేది, ఆయన మంచివారు, అదే చిక్కు. రజిని అన్నయ్యా ఆయనా కలిసి చదువుకున్నారు, వాళ్లమ్మ చేతి సకినాలు తిన్నారు, ఈ రెండు ముక్కలూ కంటబడ్డాయంటే ఫోన్ అందుకుని, అమ్మా నువ్వేం భయపడకు, పెద్ద డాక్టరు నాకు తెలుసు, అనేస్తారు. మంచి మనసుతోనే అనేస్తారు. ఆదివారం రజిని బస్సు దిగి గడపలో అడుగు పెట్టేసరికి ఆ తల్లి అప్పటికే ఏడ్చి ఏడ్చి ఉంటుంది. జ్యోతిర్మయి రజినికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది, దాచలేదు. అయితే అందరికన్న ముందు నా సంగతి మెషీన్‌కే తెలిసిందా, అంది రజిని. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

“జ్యోతీ, ఇంకా మొదలవనేదా?” మజ్జిగ గ్లాసుతో అమ్మ వచ్చింది. రహస్యంగా మాట్లాడుతున్నానని అమ్మ అనుకుంటుంది. అమ్మ రహస్యం ఇతరుల మామూలు మాటంత ఉంటుంది.

“లేదమ్మా. పదకొండుకి.”

“ఏటే మొహం అలాగున్నాది? రేత్రి నిద్దట్లో కూడా మునీమ్ మునీమ్ అన్నావు. ఎవుడే ఆడు? ఏ ఊరోడు? పెళ్లయినోడు కాదు కదా?”

“మనిషి కాదమ్మా, మెషీను.”

“అచ్ఛా.” అమ్మ మొహంలో కాస్త నిరాశ. “మెషీనుకి బెదిరిపోతావేటి? మీ నాన్న ముప్పై ఏళ్లు మెషీన్ల కడుపుల్లో దూరీసి వచ్చీనాడు కాదేటి.”

“దూరి చెవులు పోగొట్టుకున్నాడు.”

“నోరు పోనేదు కదా,” అని అమ్మ వెళ్లిపోయింది, వెళ్తూ తలుపు దగ్గరగా వేసింది, చప్పుడు కాకుండా వెయ్యబోయి చప్పుడు చేసింది.

చెవులు. ఈ ఇంట్లో రహస్యం నిలవదు, నిలిచే వీలు లేదు, నాన్నకి చెప్పాల్సిందేదైనా అరిచే చెప్పాలి. రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నన్నాళ్లూ అది తేడాగా అనిపించలేదు, చుట్టూ రైలింజన్లు బాగుచేసే షెడ్డు వాళ్లే, పైడిరాజు బాబాయి ఇంట్లోనూ అరుపులే, నూకరాజు మామ ఇంట్లోనూ అరుపులే, ఇంజన్ల హోరులో సగం సగం చెవులు వదిలేసి వచ్చిన మగవాళ్లూ, గొంతులు పెంచుకున్న ఆడవాళ్లూ. నాన్న రిటైరై, బిలాస్‌పూర్‌లోనే అర్పా నది దాటి సర్కండాలో ఈ అద్దె ఇంటికి వచ్చాక, మొదటి వారంలోనే పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, క్యా హువా భాభీ, ఝగడా హువా క్యా, అని, గొడవపడ్డారనుకుని అడిగింది. అమ్మ ఆవేళ నాన్నని వంకాయ కూర వెయ్యనా అని అడిగిందంతే. క్వార్టర్‌లో ఉన్నప్పుడు బొగ్గు రేక్, అదే గూడ్సు బండి, వెళ్తే ఇనపమంచం కోడు సన్నగా వణికేది, నాన్న ఆ కోడు మీద చెయ్యి పెట్టి, లోడు మీదుంది, అనేవాడు, ఖాళీది, అనేవాడు, చెవులు చెప్పనిది అరచెయ్యి చెప్పేది. ఇక్కడ మంచం వణకదు. ఇక్కడ ఆయనకి ఏ కబురూ రాదు. షెడ్డులో ఆయన ముఠాకి ఒక అలవాటుండేది, ఇంజన్ లోపలికి ఎవరైనా దూరి పనిచేస్తూ ఉండొచ్చు గనక బయటివాడు దేని మీద చెయ్యి వేసేముందైనా ఇనప ఒంటి మీద రెండు దెబ్బలు కొట్టి కాసేపు ఆగాలి, లోపల మనిషి ఉంటే తిరిగి కొడతాడు. ఇంట్లోనూ అంతే, ఆమె గది తలుపు వేసి ఉన్నా తీసి ఉన్నా వేలికున్న రాగి ఉంగరంతో గుమ్మం మీద రెండుసార్లు కొట్టి నిలబడతాడు, రమ్మన్నా వినపడదు, అందుకని ఆమె మొహం చూసేదాకా నిలబడతాడు. మీటింగులో ఉంటే ఆమె చెయ్యి ఊపుతుంది, వెళ్లిపొమ్మని. ఎన్నిసార్లు ఊపింది ఆ చెయ్యి.

ఎడమవైపు పేజీ పైకి జరిపింది. పోయిన వారం మీటింగు. ఆవేళ ఆమే అందరికీ లెక్కలు చూపిస్తోంది, చెవులకి హెడ్‌ఫోన్, మైకు తెరిచి ఉంది. సారాంశాలన్నీ హిందీలో రాసే మునీమ్ ఆమె మాటల మధ్యలో, విన్నది విన్నట్టు, తెలుగులో ఓ నాలుగు వరుసలు రాసింది. జ్యోతిర్మయి హిందీ మీడియంలో చదువుకుంది, తెలుగు నోటికి వచ్చినంత కంటికి రాదు, తాతయ్య పలక మీద దిద్దించిన అక్షరాలే ఆమె తెలుగు చదువంతా, ఒకటో తరగతి పిల్లలా వేలు పెట్టుకుని కూడబలుక్కోవాలి. మొదటిసారి అలా చదివినప్పుడు ఆ మాటలు అక్షరం అక్షరంగా, ఎంతకీ తెమలకుండా, ఒక్కో మెట్టూ దిగి వస్తున్న మనిషిలా వచ్చాయి. గుర్తుతెలియని వ్యక్తి ఒకటి: అక్కడ నిలబడి ఏటి చేస్తన్నావు, నీకేటి వినపడతాది. గుర్తుతెలియని వ్యక్తి రెండు: వినపడక్కర్నేదు, పిల్ల మాట్లాడతన్నాది, చూస్తన్నాను. నాతో మాటాడాలంటే అరవాల కదా, అలిసిపోతాది, అందుకే మానీసింది. ఇక్కడైతే చూడొచ్చు. అంతే. కింద మునీమ్ ఒక వాక్యం రాసింది: ఈ సంభాషణకు సంబంధించి చేయవలసిన పనులేవీ లేవు. ఆమె వెనకే, రెండు బారల దూరంలో నాన్న అన్నమాట, ఆమె చెవులు మూసుకుని ఉంటే మునీమ్ విని దాచింది, నాన్నకి తెలియకుండా విని ఆమెకిచ్చింది, ఇచ్చినందుకు దండం పెట్టాలో, విన్నందుకు తిట్టాలో ఇవాళ్టికీ తేల్చుకోలేదు. మానేసింది నిజమే. ఎప్పుడు మానేసిందో గుర్తు లేదు. రోజంతా మాట్లాడి మాట్లాడి గొంతు నొప్పెట్టేది, అన్నం దగ్గర తల ఊపితే సరిపోయేది, నాన్న కూడా ఊపేవాడు.

పదకొండు కాబోతోంది. మీటింగు తలుపు తెరిచేసరికి మునీమ్ అప్పటికే లోపలుంది, ఎప్పటిలాగే. తర్వాత మనోజ్ వచ్చాడు, రజిని గడి వచ్చింది, మొహం లేదు, పేరొక్కటే, కెమెరా ఆపేసుకుంది. చంద్రమౌళి గారు వచ్చి, అందరూ ఉన్నారుగా, బిల్లాస్‌పూర్‌లో ఎండలెలా ఉన్నాయమ్మా, అన్నారు, ఆయన లకారం ఎప్పుడూ ఒత్తి పలుకుతారు. జ్యోతిర్మయి తను అనుకున్నదే చెప్పింది, ఏది ఎక్కడికి పంపుతుందో, ఏది పంపదో, ఎవరి అనుమతి ఎప్పుడు అడుగుతుందో, అంతా చెప్పి, రెండోదే కొనాలి సార్ అంది. “యార్, ఆ బుడ్ఢా నేను అన్న వాక్యం అర్థం చేసుకునేలోపు నాకు లంచ్ అయిపోతుంది,” అన్నాడు మనోజ్. చంద్రమౌళి గారు నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆమె అనుకున్న మాటే అన్నారు. “నువ్వు చెప్పింది బాగుందమ్మా. కానీ ఈ నెలలో మనకి జరిగిన నష్టం ఏమైనా ఉందా? ఒక్క ఉదాహరణ చెప్పు చాలు.”

రజిని గడి నల్లగా ఉంది. ఆ నలుపు వెనక ఒక మనిషి ఊపిరి బిగబట్టుకుని ఉందని ఈ నలుగురిలో ఆమెకొక్కదానికే తెలుసు. ఇంకో నెలలో ఉద్యోగం పర్మనెంట్ చేయాల్సింది ఈయనే, వాళ్లింట్లో డిగ్రీ చేసిన మొదటి మనిషి తను, పెద్దవాళ్లు అడిగితే జవాబు చెప్పాలని నేర్చుకున్న మనిషి, ఉదాహరణ లేదు సార్ అంటే అబద్ధం, ఉంది కానీ చెప్పను అంటే అందరి చూపూ ఎవరిదా అని వెతుకుతుంది, వెతికితే కొని చూద్దామనిపిస్తుంది. మరి ఎవరిది చెప్పాలి. ఎవరిది ఇవ్వడానికి తనకి హక్కుంది.

“ఉంది సార్. చెప్పేముందు మునీమ్‌ని బయటికి పంపిస్తాను,” అంది, పంపించింది. బూడిదరంగు గడి ఆరిపోయింది. “మా నాన్నగారికి చెవులు వినపడవు సార్. షెడ్డులో పోయాయి.” ఇంట్లో అరవాల్సి రావడం, తను అరవడం మానేయడం, చెప్పింది. గుమ్మంలో నిలబడి ఆయన అమ్మతో అన్నమాట చెప్పింది, ఆయన భాషలోనే, అలిసిపోతాది, అందుకే మానీసింది. “అది నేను కూడా వినలేదు సార్. మునీమ్ విని రాసింది. మీరిది కొంటే అది మీరూ చదువుతారు. మీరు ఏమీ అనుకోరు, నాకు తెలుసు. కానీ ఆయన అది మన ఆఫీసుతో అనలేదు. కాగితాల మీద పేరు కనపడకుండా గీత గీయమని మీరే నేర్పారు. దాని కింద ఒక మనిషి ఉన్నాడని.”

కొంతసేపు చర్చ ఏమీ జరగలేదు.

“నాకు రెండోదే మంచిగ అనిపిస్తుంది సార్,” అంది రజిని. గొంతు జీరపోయి ఉంది. జలుబు చేసినట్టుంది అనుకుంటారు, అనుకోనీ. మనోజ్ చిన్నగా దగ్గి, “మేరా క్యా హై, నాదేముంది, నా ముక్కలు నేను రాసుకుంటాలే,” అన్నాడు. చంద్రమౌళి గారు కళ్లజోడు పెట్టుకుని తెరలోకి కాకుండా పక్కకి ఎటో చూస్తూ, మునీమ్ గడువు ఇవాళ్టితో అయిపోతుందన్నావు కదా, అయిపోనివ్వమ్మా, అన్నారు. అంతే. గడులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఆఖరుగా రజిని గడి మిగిలింది, అదీ ఆరింది.

హెడ్‌ఫోన్ తీస్తే వీధిలో ఆటో వెళ్తున్న చప్పుడు ఒక్కసారిగా చెవుల్లో పడింది. గుండె తేలికపడాలి, పడలేదు. రజినిది దాచింది, బదులు నాన్నది ఇచ్చేసింది. అడగకుండా. ఆయన పెళ్లాంతో అనుకున్న మాటని హైదరాబాదు దాకా తీసుకెళ్లి ముగ్గురి ముందు పరిచింది, మంచికే పరిచింది, చంద్రమౌళి గారు ఫోన్ తీసినా మంచికే తీసేవారు కదా. మునీమ్‌కీ తనకీ మధ్య తేడా ఎంత దూరమో కొలిస్తే గుమ్మం మందం కూడా లేదు. ఎవరూ తలుపు కొట్టలేదు, ఇద్దరిలో.

లేచి ముందు గదిలోకి వెళ్లింది. నాన్న మంచం మీద కిటికీవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు, చెమటకి బనీను వీపుకి అంటుకుపోయి ఉంది, మీటింగు అయిందో లేదో తెలియక ఈ ఉక్కలో కదలకుండా కూర్చున్నాడు. ఆమె పిలవలేదు. వంగి ఇనపమంచం కోడు మీద పిడికిలితో కొట్టింది, రెండుసార్లు, కొట్టి ఆగింది. నాన్న అరచెయ్యి ఉలిక్కిపడి కోడు మీదికి వెళ్లింది, క్వార్టర్‌లో రేక్ వెళ్లినప్పుడు వెళ్లినట్టే, తర్వాత మెల్లగా ఇటు తిరిగి ఆమె మొహంలోకి చూశాడు.

“నాన్నా,” అంది, సరిపోలేదు, ఎప్పుడో వదిలేసిన గొంతుని కిందనుంచి తోడుకుని, “నాన్నా! నీ మాట ఒకటి ఆఫీసులో చెప్పీసాను! నిన్నడక్కుండా చెప్పీసాను!”

పక్కింటి కిటికీ రెక్క తెరుచుకుంది. వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చి, మీటింగు అయిపోయిందేటి, ముందు చెప్పొద్దేటి, ఉడికిపోయాం, అంటూ కూలర్ స్విచ్ మీద చెయ్యి వేసింది. నాన్న చూపు కూతురి పెదాల మీంచి తిప్పకుండానే చెయ్యెత్తి ఆపాడు.

“ఉండవే. ఇప్పుడెయ్యకు. మీటింగు అవుతన్నాది.”